వాడికి ఎవరు చెప్పారు?

2024 జూలై 9, మంగళవారం. బల్కంపేట ఎల్లమ్మ కల్యాణం. ఆ రోజు మా గల్లీ ఎలా ఉంటుందో ఇక్కడ పెరిగినవాళ్లకు విడిగా చెప్పనక్కర్లేదు. సోమవారం ఎదుర్కోళ్లు, మంగళవారం కల్యాణం, బుధవారం రథోత్సవం. మూడు రోజులూ గుడి చుట్టూ బారికేడ్లు, మైకులు, డప్పులు, తలల మీద బోనాలు. బస్సులూ ఆటోలూ వేరే దారి పట్టాలి. బావిలో వెలసిన తల్లిని చూడటానికి ఊరు ఊరంతా ఇటే నడుస్తుంది. నేను ముప్పయ్యేళ్లు సర్కారు బడిలో తెలుగు చెప్పి రిటైరయ్యాను. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ సెలవు పెట్టి మరీ ఆ కల్యాణం చూసినదాన్ని. ఆ ఉదయం మా మనవడి చేయి పట్టుకుని, రోజూ వెళ్లే దారిలోనే వాడి థెరపీ సెంటర్‌కు బయల్దేరాను.

వాడికి అప్పుడు ఐదేళ్లు. మూడో ఏట ఆటిజం అని తేల్చారు. మాటలు కొద్దిగానే వచ్చు. దారి మాత్రం అడుగడుగూ వచ్చు. మా నీలం గేటు, కిరాణా కొట్టు, ఇస్త్రీ బండి, పూలమ్మే ఆమె బుట్ట, ఆ తర్వాత కొబ్బరికాయల కొట్టు. అక్కడ ఆగి, పేర్చిన కాయల్లో కింది వరసను ఒక్కొక్కటిగా వేలితో తాకుతాడు. తాకాక గానీ కదలడు. ఆ రోజు ఇస్త్రీ బండి లేదు. పూల బుట్ట ఎదుటి వైపుకు మారింది. కొబ్బరికాయల కొట్టుకు ఇవతలే బారికేడ్. “అమ్మా, అటు నుంచి తిరిగి పోండ్రి” అన్నాడు కానిస్టేబుల్, మర్యాదగానే.

మావాడు ఒక్క క్షణం నిలబడ్డాడు. చెవులు మూసుకున్నాడు. తర్వాత రోడ్డు మీద పడిపోయి, గొంతు చీరుకుపోయేలా అరవడం మొదలుపెట్టాడు. చుట్టూ జనం మూగారు. “మొండి పిల్లగాడు, ఒక్కటేస్తే ఊకుంటడు” అన్నారొకరు. “తల్లి పూనిందేమో, బండారు పెట్టుండ్రి” అన్నారింకొకరు. నేను వాడి రెక్క పట్టి లాగాను. “లే! అందరూ చూస్తున్నారు!” అని అరిచాను. ఆ మాట ఇప్పటికీ నన్ను గుచ్చుతుంది. పూలమ్మే ఆమె వచ్చి మా ఇద్దరికీ జనానికీ మధ్య అడ్డంగా నిలబడింది. “జర దూరం జరుగుండ్రి, పోరనికి గాలి రానియ్యుండ్రి” అంది. ఇరవై ఐదు నిమిషాలకు వాడి ఒళ్లు వదులైంది. ఇంటికి ఎత్తుకొచ్చి పడుకోబెడితే సాయంత్రం దాకా లేవలేదు.

రెండు రోజుల తర్వాత జరిగిందంతా స్పెషల్ ఎడ్యుకేటర్‌కు చెప్పాను. ఆమె విని, “ఆ రోజు దారి మూస్తారని వాడికి ఎవరు చెప్పారమ్మా?” అని అడిగింది.

“అందరికీ తెలిసిందే కదా” అన్నాను.

“వాడికి?”

నా దగ్గర జవాబు లేదు. కల్యాణం వారం ఉందనగా పక్కింటి వాళ్లకు బొట్టు పెట్టి చెప్పాను. పాలబ్బాయికి పొద్దున్నే రమ్మని చెప్పాను. పనమ్మాయికి రెండు రోజులు రావద్దన్నాను. అల్లుడికి బండి అమీర్‌పేట వైపు పెట్టుకోమన్నాను. ఇంట్లో అందరికంటే ఎక్కువగా తెలియాల్సిన మనిషికి మాత్రం ఎవరమూ కబురు చెప్పలేదు.

అగ్గిపెట్టె చోటు మారితే

ఆటిజం ఉన్న పిల్లలకు అన్నీ ఎప్పటిలాగే ఉండాలన్న ఆరాటం ఎక్కువన్న సంగతి కొత్తది కాదు. 1943లో అమెరికాలోని బాల్టిమోర్‌లో లియో కానర్ అనే డాక్టరు పదకొండు మంది పిల్లల గురించి ఒక వ్యాసం రాశారు. వస్తువుల అమరిక మారినా, రోజూ చేసే పని వరస తప్పినా ఆ పిల్లలు తల్లడిల్లిపోవడం ఆయన గమనించారు. ఈనాటికీ డాక్టర్లు ఆటిజాన్ని గుర్తించేటప్పుడు చూసే లక్షణాల్లో అదొకటి. ఆటిజం ఒక్కటే కాదు, బుద్ధి వికాసంలో వెనకబడిన పిల్లల్లోనూ, ఒకచోట నిలవలేని పిల్లల్లోనూ మార్పంటే ఈ బెదురు కొంత కనిపిస్తుంది.

దీన్ని నాకు నేను ఇలా చెప్పుకున్నాను. కరెంటు పోయిన రాత్రి మన చేయి దానంతటదే అలమరలో ఒకచోటికి పోతుంది. అక్కడ అగ్గిపెట్టె ఉంటుంది. ఎవరో దాని చోటు మార్చి మనకు చెప్పలేదనుకోండి, ఆ చీకటి ఇంకా చిక్కనవుతుంది. చప్పుళ్లు, వెలుగులు, మనుషుల ముఖాలు, మాటల్లోని మెలికలు అన్నీ ఒక్కసారిగా మీద పడుతుంటే, వాటిని విడదీసి అర్థం చేసుకోవడం మావాడికి చాలా శ్రమ. ఆ శ్రమలో ఇస్త్రీ బండి, పూల బుట్ట, కొబ్బరికాయల వరస వాడి చేతికి అందే అగ్గిపెట్టెలు. ఇవి ఇక్కడే ఉన్నాయంటే అంతా బాగానే ఉందని వాడికి ధైర్యం. ఆ మంగళవారం మూడు అగ్గిపెట్టెలూ ఒకేసారి మాయమయ్యాయి.

పెద్దవాళ్లమైన మనకూ ఇలాంటి రోజులు వచ్చాయి. 2020 మార్చి 22న జనతా కర్ఫ్యూ అన్నారు. ఆ రోజు ఆగిన మా అమీర్‌పేట మెట్రో మళ్లీ సెప్టెంబరు 7 దాకా కదల్లేదు. పొద్దున లేచి ఏం చేయాలో తెలియక, రేపు ఎలా ఉంటుందో చెప్పే నాథుడు లేక ఎంత అల్లాడామో మరచిపోలేదు కదా. ఇంగ్లండ్‌లో ఆ ఏప్రిల్‌లోనే ప్రభుత్వం, ఆటిజం ఉన్నవాళ్లు అవసరాన్ని బట్టి రోజుకు ఒకసారి కంటే ఎక్కువగా బయటికి వెళ్లొచ్చని వెసులుబాటు ఇచ్చింది. రోజువారీ నడక వాళ్లకు సరదా కాదని గుర్తించినట్టే.

ఇక మొండితనం సంగతి. చాక్లెట్ కోసం ఏడ్చే పిల్లవాడు మధ్యమధ్య మన ముఖం చూస్తాడు. చాక్లెట్ ఇస్తే ఆగుతాడు, ఎవరూ చూడకపోతే తగ్గుతాడు. మావాడు రోడ్డు మీద పడినప్పుడు ఎవరి ముఖమూ చూడలేదు. ఏది ఇచ్చినా ఆగే స్థితిలో లేడు. దీన్ని థెరపిస్టులు మెల్ట్‌డౌన్ అంటారు. పాలు పొంగడం లాంటిది. పొంగేటప్పుడు గిన్నెను తిట్టి లాభం లేదు, మంట తగ్గించాలి. ఆ సమయంలో మాటలు తగ్గించాలి. జనాన్ని, చప్పుడును, వెలుతురును వీలైనంత దూరం చేయాలి. తల నేలకు కొట్టుకోకుండా చూసుకుంటూ పక్కన ఉండాలి. బుద్ధులు చెప్పడానికి అది వేళ కాదు. ఆ రోజు నేను చేయాల్సిందంతా నా బదులు పూలమ్మే ఆమె చేసింది.

“వెళ్తాం” అంటే ఎప్పుడు?

ఎడ్యుకేటర్ అడిగిన ప్రశ్నతో, ముందే చెప్పాలి కదా అని ఆ మర్నాటి నుంచి మాటలతో చెప్పడం మొదలుపెట్టాను. “రేపు తాతయ్య వాళ్లింటికి వెళ్తాం” అన్నాను. వాడు వెంటనే చెప్పులు తెచ్చాడు. రేపు అని నచ్చజెప్పేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. మర్నాడు అదే మాట చెబితే నమ్మలేదు.

తెలుగు పంతులమ్మను కాబట్టి ఒక సంగతి అప్పుడు తట్టింది. మన వాడుక భాషలో “రోజూ వెళ్తాం” అన్నా, “రేపు వెళ్తాం” అన్నా క్రియ ఒకటే. వ్యాకరణంలో మొదటిది తద్ధర్మం, రెండోది భవిష్యత్తు. ఆ తేడాను మోసేవి “రోజూ”, “రేపు” అనే చిన్న మాటలే. ఆ చిన్న మాటలు చెవిలో నిలవని పిల్లవాడికి “వెళ్తాం” అన్నది ఒక్కటే వినిపిస్తుంది. కాలాన్ని వాడికి చెవితో కాకుండా కంటితో చూపించాలి.

ఎడ్యుకేటర్ చెప్పిందీ అదే. 1972లో అమెరికాలోని నార్త్ కరోలినాలో ఎరిక్ షాప్లర్ నిలబెట్టిన టీచ్ అనే కార్యక్రమం నుంచి ఈ పద్ధతి లోకమంతా పాకిందట. రోజులో జరిగే పనులను బొమ్మల వరసగా పిల్లవాడి కళ్లెదుట పెట్టడం. మా అమ్మాయి వాడి పళ్లపొడి, బకెట్, ఇడ్లీ పళ్లెం, బడి గేటు, థెరపీ సెంటర్ తలుపు, వాడి పరుపు, అన్నీ ఫోన్‌తో ఫొటోలు తీసింది. అమీర్‌పేటలో కోచింగ్ నోట్సులు జిరాక్స్ తీసే షాపులకు కొదవ లేదు. ఒకచోట ప్రింటు తీసి లామినేషన్ చేయించాం. వెనక వెల్క్రో ముక్క అంటించి, వంటింటి తలుపు పక్కన, వాడి కంటి ఎత్తులో ఒక పట్టీ మీద వరసగా పెట్టాం. పని అయిపోగానే ఆ బొమ్మను వాడే పీకి, కింద పాత బిస్కెట్ డబ్బాలో వేస్తాడు. డబ్బా పేరు “అయిపోయింది”. బొమ్మ డబ్బాలో పడిన చప్పుడుతో ఆ పని నుంచి వాడి మనసు కూడా బయటికొస్తుంది.

రెండు వారాల్లో తేడా కనిపించింది. స్నానానికి రోజూ జరిగే యుద్ధం ఆగింది. అయితే అసలు పరీక్ష ఇది కాదు. వరస అలవాటైన పిల్లవాడు ఆ వరసకే అతుక్కుపోతే? అందుకు ఎడ్యుకేటర్ ఇంకో కార్డు ఇచ్చింది.

పసుపు కార్డు

పసుపు రంగు కార్డు. మీద ఏ బొమ్మా లేదు, పెద్ద ప్రశ్న గుర్తు ఉంది. దాని అర్థం: ఇక్కడ ఈ రోజు ఒకటి మారింది. మొదటి నెల ఈ కార్డును మంచి మార్పులకే వాడమన్నారు. అందులోనే కిటుకంతా ఉంది. పాలకు బదులు వాడికి ఇష్టమైన మామిడి రసం. పుస్తకానికి బదులు నీళ్లాట. ఇంటికి నేరుగా రాకుండా మధ్యలో పార్కులో ఊయల. పసుపు కార్డు కనిపిస్తే ఏదో తమాషా ఉందని వాడి ముఖం విప్పారడం మొదలయ్యాక, అప్పుడప్పుడూ మామూలు మార్పులు కలిపాం. ఈ రోజు అమ్మ బదులు నాన్న స్నానం చేయిస్తాడు. ఈ రోజు ఇడ్లీ లేదు, ఉప్మా. ఆ తర్వాతే కష్టమైనవి. మార్పే లేకుండా కాపాడుకుంటూ పోతే పిల్లవాడి లోకం ఏటికేడాది ఇరుకైపోతుంది. కాబట్టి చిటికెడు చిటికెడుగా అలవాటు చేయాల్సిందే.

ఇంకో నియమం మేం సొంతంగా పెట్టుకున్నాం. మారేది ఒకటైతే, మారనివి మూడు చూపించాలి. సంక్రాంతికి ఊరికి వెళ్లినప్పుడు ఇల్లు మారింది. కానీ వాడి దుప్పటి, వాడి స్టీలు గ్లాసు, పడుకునే ముందు నేను పాడే పాట మారలేదు. ఆ మూడింటి ఫొటోలూ ముందే చూపించాం. మొదటి రాత్రి గంటసేపు ఏడ్చి, దుప్పటిని ముక్కుకు ఆనించుకుని నిద్రపోయాడు.

ఎంత ముందుగా చెప్పాలన్నది పిల్లవాడిని బట్టి ఉంటుంది. కొందరు వారం ముందు చెబితే వారమంతా అదే బెంగ పెట్టుకుంటారు. మావాడికి చిన్న మార్పులకు ఆ పూట ఉదయం, పెద్దవాటికి రెండు రోజుల ముందు సరిపోతుంది. అప్పటికప్పుడు ఆట ఆపాల్సి వస్తే పది నిమిషాలు, ఐదు, రెండు అని వేళ్లతో చూపిస్తాం. లేదా ఇసుక గడియారం తిప్పి పెడతాం. ఇసుక జారడం వాడికి కనిపిస్తుంది. ఇసుకతో ఎవరూ వాదించలేరు.

ఒంటిపూట బడులు, ఆటో రాని రోజు

మన ఏడాదిలో ఎన్ని మార్పులుంటాయో ఈ పిల్లవాడు పుట్టాకే లెక్కపెట్టాను. మార్చి నడిమిలో ఒంటిపూట బడులు మొదలవుతాయి. సాయంత్రం బెల్లుకు అలవాటైన బడి మధ్యాహ్నం పన్నెండున్నరకే వదిలేస్తుంది. ఏప్రిల్ చివరి వారంలో బడే మాయమవుతుంది. జూన్ 12న మళ్లీ తెరుస్తారు, కానీ గది మారుతుంది, టీచర్ మారుతుంది, పక్కన కూర్చునే పిల్ల మారుతుంది. బతుకమ్మ సెలవులు, మధ్యలో బంద్‌లు, వానకు ఇచ్చే సెలవులు. ఇంటికి సున్నం వేయించినా, సోఫా జరిపినా మార్పే.

వీటిలో చాలావాటికి తేదీలు ముందే తెలుస్తాయి. గోడ మీది క్యాలెండర్ ఉండనే ఉంది. పంచాంగం కోసం, గ్యాస్ సిలిండర్ తేదీ కోసం మనం రాసుకునే ఆ క్యాలెండర్‌లోనే వాడి మార్పుల మీద పసుపు చుక్కలు పెడుతున్నాం. రోజూ రాత్రి ఆ రోజు గడిని వాడే కొట్టేస్తాడు. పసుపు చుక్క దగ్గరపడటం వాడికి తెలుస్తుంది. గత జూన్‌లో బడి తెరవడానికి ముందు వాడి టీచర్ మమ్మల్ని ఖాళీ తరగతి గదిలోకి రెండుసార్లు రానిచ్చింది. వాడి బల్ల ఏదో ముందే చూపించింది. పది నిమిషాల పని. ఆ పది నిమిషాలు మాకు నెల రోజుల ఏడుపును తప్పించాయి.

బడిని ఇలా అడగడానికి మొహమాటపడేవాళ్లకు ఒక మాట. 2016లో వచ్చి, 2017 ఏప్రిల్ 19 నుంచి అమలైన దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 రకాల వైకల్యాల్లో ఆటిజం కూడా ఉంది. ఒక్కో పిల్లవాడి అవసరాన్ని బట్టి తగిన వెసులుబాటు కల్పించడం విద్యాసంస్థల బాధ్యత అని ఆ చట్టం చెబుతోంది. ఫంక్షన్ ఉందని, టీచర్ సెలవులో ఉందని ముందు రోజు ఒక మెసేజ్ పెట్టమనడం అందులో చాలా చిన్న కోరిక.

చెప్పి రాని మార్పులు మాత్రం ఎప్పుడూ ఉంటాయి. ఒకరోజు ఆటో ఆయనకు జ్వరం, వేరే ఆటో వచ్చింది. అలాంటప్పుడు పసుపు కార్డు బయటికి తీస్తాం. రెండే రెండు మాటలు: “ముందు ఈ ఆటో. తర్వాత బడి.” కారణాలు, బుజ్జగింపులు, బెదిరింపులు ఏవీ కలపం. మాటలు పెరిగేకొద్దీ వాడి చెవులకు అవీ చప్పుళ్లే.

ఇంకా ఏమీ తేలక కంగారు పడుతున్న తల్లిదండ్రులకు మన దగ్గర దారులున్నాయి. బుద్ధి వికాసంలో వెనకబడినవాళ్ల కోసం 1984లో ఏర్పడిన జాతీయ సంస్థ, చాలామంది ఇప్పటికీ పాత పేరుతో ఎన్ఐఎంహెచ్ అని పిలిచేది, బోయిన్‌పల్లి మనోవికాస్ నగర్‌లో ఉంది. పిల్లలను పరీక్షించడంతో పాటు తల్లిదండ్రులకు నేర్పడమూ అక్కడ జరుగుతుంది. మండలాల్లో ఇలాంటి పిల్లల కోసం భవిత కేంద్రాలున్నాయి. పుట్టినప్పటి నుంచి 18 ఏళ్ల దాకా పిల్లల ఎదుగుదల లోపాలను కనిపెట్టడానికి 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం ఉంది. పెద్దయితే అదే సర్దుకుంటుందని ఏళ్లు గడపకండి.

తర్వాతి స్టేషన్

మావాడికి మెట్రో ప్రాణం. ఆదివారం ఎస్సార్ నగర్‌లో ఎక్కిస్తే అమీర్‌పేట, పంజాగుట్ట, ఇర్రంమంజిల్, ఖైరతాబాద్ అంటూ వరసగా చెప్పేస్తాడు. అందులో వాడికి అంత హాయి ఎందుకో ఆలోచిస్తే తెలిసింది. మెట్రోలో ఏదీ చెప్పకుండా జరగదు. రాబోయే స్టేషన్ పేరు చెబుతారు, తలుపులు ఎటువైపు తెరుచుకుంటాయో చెబుతారు, అమీర్‌పేటలో లైను మారాలంటే అదీ చెబుతారు. అప్పటి నుంచి ఇంట్లో మేమూ అదే పాట అందుకున్నాం. “తర్వాతి స్టేషన్ స్నానం.” “తర్వాతి స్టేషన్ అన్నం.” వాడు మా వెనకే పలుకుతాడు.

2025లో కల్యాణం జూలై 1న పడింది. పది రోజుల ముందు నుంచి మాకు పని. మిషిగన్‌లో బడి పిల్లలతో పనిచేసిన కేరల్ గ్రే 1990ల మొదట్లో సోషల్ స్టోరీస్ అనే పద్ధతి తెచ్చారు. రాబోయే సందర్భాన్ని పిల్లవాడి వైపు నుంచి, ఆజ్ఞలు లేకుండా చెప్పే చిన్న కథ. నేను రాశాను, మా అమ్మాయి ఫొటోలు అతికించింది. మంగళవారం ఎల్లమ్మ తల్లి పెళ్లి. చాలామంది వస్తారు. డప్పులు మోగుతాయి. చప్పుడు ఎక్కువైతే నేను హెడ్‌ఫోన్లు పెట్టుకోవచ్చు. కొబ్బరికాయల కొట్టు దారి మూస్తారు. మేం వెనక గల్లీలో వెళ్తాం. శుక్రవారం కొబ్బరికాయల కొట్టు దగ్గరికి వెళ్తాం. రోజూ రాత్రి చదివాం. మూడు సాయంత్రాలు వెనక గల్లీలో నడిచాం.

తీరా ఆ ఉదయం వెనక గల్లీలో అన్నదానం పందిరి వేశారు. కర్రలు, తాళ్లు, గల్లీకి అడ్డంగా బెంచీలు. మేం మూడు రోజులు నడిచిన దారి లేదు. మావాడు ఆగిపోయాడు. చేతులు హెడ్‌ఫోన్ల మీదికి వెళ్లాయి. ఒళ్లు ముందుకూ వెనక్కూ ఊగడం మొదలైంది. నా నోరు ఎండిపోయింది. అయినా ఈసారి రెక్క పట్టుకోలేదు. మోకాళ్లు సహకరించకపోయినా వాడి పక్కన గొంతుక్కూర్చున్నాను. పసుపు కార్డు తీసి చేతికిచ్చాను. వాడు దాన్ని గట్టిగా నలిపాడు, ఏడ్చాడు. ఐదు నిమిషాలు నేను ఒక్క మాట మాట్లాడలేదు.

తర్వాత, కార్డు వైపే చూస్తూ అన్నాడు: “తర్వాతి స్టేషన్?”

అన్నాళ్లూ మేం చెబితే వాడు పలికేవాడు. తనంత తాను అడగడం అదే మొదలు. నాకేమో ఏ గల్లీ తెరిచి ఉందో తెలియదు. పందిరి దగ్గర బుట్ట పెట్టుకున్న పూలమ్మే ఆమె మమ్మల్ని చూసి, “ఇస్త్రీ ఆయన ఇంటి గల్లీ తెరిచే ఉందమ్మా” అంది.

“తర్వాతి స్టేషన్ ఇస్త్రీ గల్లీ. దాని తర్వాతి స్టేషన్ ఇల్లు” అన్నాను. థెరపీ ఆ రోజుకు వద్దనుకున్నాం. వాడు లేచి నా చేయి పట్టుకున్నాడు.

శుక్రవారం పొద్దున్నే కథలో చెప్పినట్టే కొబ్బరికాయల కొట్టుకు తీసుకెళ్లాను. బారికేడ్లు తీసేశారు. కింది వరసలో పదకొండు కాయలున్నాయి. వాడు ఒక్కొక్కటీ తాకుతుంటే నేనూ పక్కన నిలబడి లెక్కపెట్టాను.